కౌన్సిల్ ముందుకు నేను పంపిన రెండు అంకెలు

పురపాలక శాఖ ఇంజనీరింగ్ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, పత్రికలో ‘శిథిలావస్థలో మున్సిపల్ కార్యాలయం’ అన్న శీర్షిక కనిపించినప్పుడల్లా తక్కిన వార్త చదవనక్కరలేదనిపిస్తుంది. పెచ్చులూడి చువ్వలు బయటపడిన స్లాబు ఫొటో ఒకటి ఉంటుంది. వానకు తడవకుండా బీరువాల మీద కప్పిన పట్టా ఫొటో మరొకటి ఉంటుంది. కొత్త భవనానికి ప్రతిపాదనలు పంపామన్న అధికారి మాటతో వార్త ముగుస్తుంది. ఆ భవనం ఎన్నేళ్ల నాటిదో రాస్తారు గాని, మిద్దె మీది వాననీరు దిగే గొట్టంలో పేరుకున్న చెత్తను చివరిసారి ఎప్పుడు తీశారో రాయరు. కౌన్సిల్‌కు వెళ్లే నివేదికలో కూడా ఆ సంగతి ఉండదు. అటువంటి నివేదిక ఒకటి నేనే తయారుచేశాను కనుక ఈ మాట ధైర్యంగా అనగలుగుతున్నాను.

కోస్తాలో ఒక పాత పట్టణం అది. గుంటూరు, రాజమండ్రి, మచిలీపట్నం 1866లో మున్సిపాలిటీలయ్యాయి. ఇది వాటి తరువాతి తరానికి చెందినది. పేరు ఇక్కడ అవసరం లేదు. కార్యాలయం రెండు భాగాలుగా ఉండేది. వీధి వైపున్నది మద్రాసు ప్రెసిడెన్సీ నాటి కట్టడం: గానుగ సున్నంతో కట్టిన రెండడుగుల మందం ఇటుక గోడలు, టేకు దూలాలు, వాటి మీద మద్రాసు టెర్రేసు మిద్దె (కాంక్రీటు లేకుండా ఇటుక, సున్నంతో వేసే పాతకాలపు కప్పు), ముందు గుండ్రటి స్తంభాల వరండా. వెనుకది 1980ల తొలినాళ్లలో లేచిన రెండంతస్తుల కాంక్రీటు భవనం. పట్టణ ప్రణాళిక విభాగం, పై అంతస్తులో పన్నుల విభాగం, కౌన్సిల్ హాలు అందులోనే ఉండేవి. ఒక వానాకాలం మధ్యాహ్నం ఇంటిపన్ను కట్టే కౌంటరు పక్కన పైకప్పు నుంచి అరచేతి మందాన పెచ్చు ఊడిపడింది. అది భోజన విరామం కావడంతో ఎవరికీ దెబ్బ తగలలేదు. మరుసటి సమావేశంలో సభ్యులు పార్టీలకు అతీతంగా లేచి, ప్రాణాలు పోయాక గాని కొత్త భవనం కట్టరా అని నిలదీశారు. మరమ్మతుకు ఎంతవుతుంది, కొత్తది కడితే ఎంతవుతుంది అన్నది పక్కపక్కన పెట్టి వచ్చే ఎజెండాలోకి తెమ్మని చైర్మన్‌గారు ఆదేశించారు. అప్పట్లో సహాయ ఇంజనీరుగా ఉన్న నా బల్ల మీదికి ఆ పని వచ్చింది. నాకు దొరికిన గడువు తొమ్మిది రోజులు.

తొమ్మిది రోజుల్లో ఒక పాత భవనం ఆరోగ్యం తెలుసుకోవడం సాధ్యం కాదు. కాంక్రీటులో కోర్లు, అంటే తొలిచి తీసిన గుండ్రటి ముక్కలు, పరీక్షకు పంపాలి, చువ్వల తుప్పు ఎంతవరకు పోయిందో కొన్ని చోట్ల చెక్కి చూడాలి, టేకు దూలాల గోడలోపలి చివర్లు చెదపట్టాయేమో సుత్తితో కొట్టి వినాలి, పునాది పక్కన ఒకటి రెండు గుంతలు తవ్వాలి. ఇవేవీ చేయలేదు. లోపల ఏముందో తెలియనప్పుడు ఇంజనీరు తన జాగ్రత్త తాను చూసుకుంటాడు. అనుమానం ఉన్న ప్రతి అంశాన్నీ మరమ్మతు అంచనాలో చేరుస్తాడు, రేపు ఆడిట్‌లో గాని ప్రమాదంలో గాని తన సంతకం దొరకకూడదు కనుక. నేనూ అదే చేశాను. నేల అంతా తీసి కొత్త బండలు, వైరింగ్ అంతా కొత్తది, కిటికీలన్నీ కొత్తవి అని రాశాను. మద్రాసు టెర్రేసును బాగుచేసే పనికి ప్రామాణిక రేట్ల పట్టికలో రేటు సిద్ధంగా లేదు. దానికి విడిగా డేటా కట్టి, అంటే సామగ్రి, కూలి లెక్కలతో కొత్త రేటు తయారుచేసి, పై అధికారి ఆమోదం పొందాలి, ఆడిటర్ అడిగితే సమాధానం చెప్పుకోవాలి. కాంక్రీటు స్లాబుకు మాత్రం రేటు పట్టికలోనే ఉంది. అందువల్ల పాత మిద్దె మొత్తం తీసివేసి దాని స్థానంలో స్లాబు వేయాలని రాసేశాను. ఇంకా నూరేళ్లు ఉండగల మిద్దె, రేటు దొరకని కారణంగా నా కాగితం మీద కూలిపోయింది.

కొత్త భవనం అంచనాకు అంత శ్రమ అక్కరలేదు. ఎన్ని చదరపు మీటర్లు కావాలో లెక్కగట్టి ప్లింత్ ఏరియా రేటుతో, అంటే కట్టడం విస్తీర్ణంలో చదరపు మీటరుకు ఇంత అన్న రేటుతో, హెచ్చవేస్తే అంకె వస్తుంది. ఆ అంకెలో పాతదాన్ని కూల్చి శిథిలాలు తరలించే ఖర్చు లేదు. నిర్మాణం సాగే రెండు మూడేళ్లు కార్యాలయాన్ని అద్దె ఇంట్లో నడిపే ఖర్చు లేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు, ప్రహరీ, సామగ్రి లేవు. పని ఆలస్యమైతే పెరిగే ధరలు లేవు. లిఫ్టుకు, పంపులకు, జనరేటరుకు ఏటా అయ్యే నిర్వహణ వ్యయం అసలే లేదు. ఇలా ఒక వైపు భయంతో ఉబ్బిన అంకె, మరో వైపు మరుపుతో సన్నబడిన అంకె పక్కపక్కన నిలిచాయి. మరమ్మతు అంకె కొత్త భవనం అంకెలో సుమారు మూడింట రెండు వంతులు తేలింది. కౌన్సిల్‌లో ఒక సీనియర్ సభ్యుడు ఆ కాగితం చూసి, “దీనికింత పోసేకంటే ఇంకో నాలుగు రాళ్లు వేస్తే కొత్తదే వస్తుంది కదయ్యా” అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేనిచ్చిన కాగితం చదివిన వారెవరైనా అదే అంటారు. అంశం అయిదు నిమిషాల్లో ఆమోదం పొందింది. ఆ తరువాత దుకాణాల సముదాయం వేలంపాట మీద గంటన్నర చర్చ జరిగింది.

నివేదికలో నేను రాయవలసి ఉండి రాయని పేజీ ఒకటి ఉంది. ఆ తీర్మానం అయిన కొన్ని నెలలకు వేరే పని మీద పాత ఎం.బుక్కులు (చేసిన పనుల కొలతలు నమోదు చేసే పుస్తకాలు) తిరగేస్తుంటే అది నాకు తట్టింది. ఆ భవనం మీద అంతకు ముందు పదిహేనేళ్లలో జరిగిన పనులన్నీ వాటిలో ఉన్నాయి. దాదాపు ప్రతి ఆగస్టులోనూ వెల్ల వేయించారు, జెండా పండుగ వస్తుంది కనుక. చైర్మన్ గది మూడుసార్లు కొత్తగా తయారైంది. మిద్దె మీద చేసిన పని ఒక్కటంటే ఒక్కటి నమోదు కాలేదు. కాంక్రీటు భవనం మిద్దెకు వెళ్లే మెట్ల తలుపుకు తాళం వేసి ఉండేది. ఆ తాళంచెవి ఒక రాత్రి కాపలాదారు దగ్గర ఉండేదనీ, ఆయన పదవీ విరమణ చేసి వెళ్లాక అది ఎవరికీ అందలేదనీ తెలిసింది. తాళం పగలగొట్టి పైకి వెళ్తే నీరు దిగే గొట్టాల నోళ్లలో రావి మొక్కలు మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. స్లాబు మీద వాన వెలిసిన మూడో రోజున కూడా చీలమండ లోతు నీరుంది. ఊడిపడిన పెచ్చుకు సరిగ్గా పైన ఉన్న చోటు అదే.

కాంక్రీటు ఎలా చెడుతుందో తెలిస్తే ఈ సంబంధం అర్థమవుతుంది. మంచి కాంక్రీటుకు క్షారగుణం ఉంటుంది; అది ఉన్నంతకాలం లోపలి ఉక్కు చువ్వకు తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్లతరబడి లోపలికి ఇంకుతూ ఆ గుణాన్ని తగ్గిస్తూ వస్తుంది. చువ్వ మీద కప్పిన కాంక్రీటు మందం తక్కువైతే అది త్వరగా చువ్వదాకా చేరుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఉప్పుగాలి ఆ పనిని ఇంకా తొందరపెడుతుంది. దానికి నిలవనీరు తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఉక్కుకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక అది కాంక్రీటును లోపలి నుంచి తోసి పెచ్చులుగా రాలుస్తుంది. తొలిదశలో గమనిస్తే దెబ్బతిన్న మేరకు చెక్కి, చువ్వను శుభ్రం చేసి, మరమ్మతు గారతో పూడ్చి, మిద్దె మీద నీరు నిలవకుండా వాలు సరిచేస్తే భవనం ఇంకా చాలా ఏళ్లు నిలుస్తుంది. చువ్వ సగానికి సగం తినేశాక చూస్తే ఇంజనీరు చేతిలోనూ ఏమీ ఉండదు. ఈ రెండు స్థితుల మధ్య పట్టే కాలం ఎంతో కొంత ఉంటుంది. ఆ కాలమంతా మా మెట్ల తలుపుకు తాళమే ఉంది.

ముందు భాగం సంగతి వేరు. అందరూ దాన్నే శిథిలమనేవారు, చూడడానికి ముసలిది కనుక. నిజానికి దానికున్న జబ్బు ఒక్కటే, అదీ మేము తెచ్చిపెట్టినదే. ఎప్పుడో ఒక ఇంజనీరు సున్నపు గార పాతబడిందని దాన్ని చెక్కించి, గోడలకు బయటా లోపలా నాలుగడుగుల ఎత్తు వరకు సిమెంటు పూయించాడు. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు దాన్ని తిరిగి వదులుతుంది. సిమెంటు పూతతో వదిలే దారి మూసుకుపోతే ఆ చెమ్మ పైకి ఎగబాకుతుంది. సిమెంటు ఆగిన చోట గోడ చవుడెక్కి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. ఆ పట్టణంలోనే పాత దేవాలయాల పనులు చేసే ఒక వృద్ధ మేస్త్రి నాతో గోడ చుట్టూ తిరిగి చూసి, “సిమెంటు తీయించండి బాబూ, ఒక వేసవి ఆరనివ్వండి, ఆ తరువాత సున్నం నేను చూసుకుంటాను” అన్నాడు. ఇటుక పొడి కలిపి గానుగలో నూరిన సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు, దంచే చెక్కలు పట్టిన ఆడకూలీల వరస గురించి ఆయన చెబుతుంటే నేను తలూపుతూ విన్నాను గాని, ఆ పనిని ఏ రేటు కింద బిల్లు చేయాలా అన్నదే నా మనసులో మెదిలింది. ఆ మేస్త్రి మాట నా నివేదికలో ఎక్కలేదు.

ఇందులో నన్ను నేను వెనకేసుకు రావడానికి కాదు గాని, డబ్బు వచ్చే దారి కూడా ఈ తీర్పును ముందే రాసి పెడుతుంది. కొత్త భవనానికి ఏదో ఒక పథకం కింద రాష్ట్ర ప్రభుత్వమో, ఎంపీ, ఎమ్మెల్యే నిధులో, ఒక్కొక్కప్పుడు అప్పో దొరుకుతుంది. మరమ్మతు మాత్రం మున్సిపాలిటీ సాధారణ నిధిలోంచి, అంటే ఇంటిపన్ను, దుకాణాల అద్దెల్లోంచి రావాలి. అందులో జీతాలు, కరెంటు బిల్లులు, వీధి దీపాలు, పారిశుద్ధ్యం పోగా మిగిలేది తక్కువ. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లలో పెద్ద భాగం తాగునీటికీ, పారిశుద్ధ్యానికీ ముడిపెట్టి వస్తుంది. కనుక మరమ్మతు అంటే సొంత డబ్బు, కొత్త భవనం అంటే పైవారి డబ్బు. చౌకైనది ఏది అన్న ప్రశ్న కౌన్సిల్ సభ్యుడికి, ఇంజనీరుకు ఒకే అర్థంలో వినిపించదు. పైగా మిద్దె కారకుండా చూసినందుకు శిలాఫలకం మీద ఎవరి పేరూ చెక్కరు.

పదవీ విరమణ తరువాత మా అమ్మాయి దగ్గర ఉండడానికి హైదరాబాద్ వచ్చాక, ఈ ప్రశ్నకు ఒకే నగరపాలక సంస్థ రెండు రకాల జవాబులు ఇవ్వడం దగ్గరి నుంచి చూశాను. మొదటిది మొజంజాహీ మార్కెట్. 1908 మూసీ వరదల తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు దానిని 1935లో కట్టించింది. ఏడవ నిజాం రెండో కుమారుడు, ఆ బోర్డుకు అధ్యక్షుడుగా ఉన్న మొజం జా పేరు పెట్టారు. నల్లరాతి గోడలు, రోడ్ల కూడలి వైపు తిరిగిన గడియార స్తంభం, లోపల ముంగిలి. నేను మొదటిసారి చూసేనాటికి ఆ రాయి కనపడేది కాదు. బోర్డులు, రేకులు, తీగలు, పొగ మసి దాన్ని కప్పేశాయి, పైకప్పు కారేది. దాన్ని కూల్చి ఆ స్థలంలో పెద్ద వాణిజ్య సముదాయం కడితే ఎంత అద్దె వస్తుందో లెక్కవేయడం ఏ అధికారికైనా సులువే. అలా జరగలేదు. 2018లో పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి అర్వింద్ కుమార్ ఆ కట్టడం బాధ్యతను స్వయంగా తీసుకున్నారు. సుమారు 15 కోట్ల రూపాయలతో పునరుద్ధరించిన మార్కెట్‌ను 2020 ఆగస్టు 14న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. తరువాత వచ్చిన అతుకులు తీసేశారు, గడియారాన్ని నడిపించారు, రాయిని కడిగారు. ఐస్‌క్రీం దుకాణాలు ఉన్నచోటే ఉన్నాయి. నా మట్టుకు నాకు, ఆ పనిలో మెచ్చుకోవలసినది అలంకరణ కాదు. ఒక పెద్ద అధికారి దాన్ని తన పనిగా పెట్టుకోవడం. అలాంటి పూనిక లేకపోతే సాధారణ వ్యవస్థ దానికి నా తొమ్మిది రోజుల అంచనానే ఇచ్చి ఉండేది.

రెండోది చార్మినార్‌కు కొద్ది దూరంలో ఉన్న మహబూబ్ చౌక్ మార్కెట్, జనం నోట ముర్గీ చౌక్. పక్కనే 1892 నాటి గడియార స్తంభం ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో పాతబస్తీలో కొన్ని పనులకు ఒకేసారి శంకుస్థాపన జరిగింది: మీర్ ఆలం మండి కూరగాయల మార్కెట్‌కు 21.90 కోట్లు, ముర్గీ చౌక్‌కు 36 కోట్లు, సర్దార్ మహల్‌కు 30 కోట్లు. సర్దార్ మహల్ పునరుద్ధరణ. ముర్గీ చౌక్ మాత్రం పాతదాన్ని తీసేసి, పాత కమానుల పోలికలోనే కొత్త సముదాయం కట్టడం. కమానులు మళ్లీ వస్తాయి కదా అంటే వస్తాయి, కాంక్రీటులో. పోలిక కోసం పెట్టే ఖర్చును నేను ఎన్నడూ అర్థం చేసుకోలేకపోయాను. పాత గోడ బలంగా ఉంటే దాన్ని ఉంచాలి; బలం లేక తీసేస్తే, కొత్త గోడ ఈ కాలపు అవసరానికి తగినట్టుగా నిజాయతీగా ఉండాలి. సర్దార్ మహల్ చరిత్రలో పురపాలకులకు మరో పాఠం ఉంది. 1900 ప్రాంతంలో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కట్టించిన ఆ మహలు 1965లో పన్ను బకాయిల కింద కార్పొరేషన్ చేతికి వచ్చింది, దశాబ్దాలపాటు కార్యాలయంగా నడిచింది. సొంత డబ్బు పెట్టకుండా దొరికిన భవనాన్ని కార్యాలయాలు ఎలా వాడతాయో మా వృత్తిలోని వారికి చెప్పనక్కరలేదు: వరండాలను చెక్క బోర్డులతో గదులుగా చీలుస్తాయి, గోడకు మేకు కొట్టి తీగ లాగుతాయి, గూట్లో ఫైళ్లు పెడతాయి. ఆ తరువాత ఒకనాడు భవనం పనికిరాదని రాస్తాయి.

పురపాలక పరిధి దాటితే ఇంకా పెద్ద ఉదాహరణలు ఉన్నాయి. 2019 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లో కొత్త సచివాలయానికీ, ఎర్రమంజిల్‌లో కొత్త శాసనసభకూ శంకుస్థాపనలు చేసింది. ఇంజనీరింగ్ శాఖల కార్యాలయాలు నడిచిన ఎర్రమంజిల్ మహలును కూల్చే నిర్ణయాన్ని అదే ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు కొట్టివేసింది. పాత సచివాలయం మాత్రం 2020 జులైలో నేలమట్టమైంది. 2023 ఏప్రిల్ 30న కొత్తది ప్రారంభమైంది. పాతదానిలో అగ్నిమాపక ఏర్పాట్లు చాలవన్నది ప్రభుత్వం చూపిన కారణాల్లో ఒకటి. ఆ కారణం తప్పు కాదు. అయితే అక్కడి బ్లాకుల్లో కొన్ని కట్టి ఇరవై ఏళ్లయినా కాలేదు. ఇరవై ఏళ్లలోపు కాంక్రీటు భవనానికి నిప్పు నుంచి రక్షణ ఏర్పరచడం ఇంజనీరింగ్‌లో పెద్ద సమస్యేమీ కాదు. ఈ ఉదాహరణలతో నాకున్న పేచీ ఏమిటంటే, పునరుద్ధరణ అనగానే చర్చ వారసత్వ కట్టడాల మీదికి పోతుంది. కమానులు, గుమ్మటాలు ఉన్నవాటికి కోర్టుకెళ్లే పౌరులైనా ఉంటారు. మా వెనుక భవనంలాంటి అందంచందం లేని 1980ల కాంక్రీటు పెట్టెలు రెండు రాష్ట్రాల్లోనూ లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. వార్డు కార్యాలయాలు, ఆరోగ్య కేంద్రాలు, మున్సిపల్ పాఠశాలలు, కూరగాయల మార్కెట్లు అన్నీ అవే. వాటి వయసు ఇప్పుడు నలభై దాటింది. రాబోయే పదేళ్లలో ప్రతి కౌన్సిల్ ముందుకూ రాబోయే ఎజెండా అంశాలు అవి, వాటి తరఫున ఎవరూ పిటిషన్ వేయరు.

కూల్చివేతే సరైన నిర్ణయమయ్యే సందర్భాలు లేవని నేను అనడం లేదు. పునాది కుంగుతున్న భవనాన్ని, స్తంభాల్లోని చువ్వలు తినేసిన భవనాన్ని నిలబెట్టబోతే అది ఖర్చు కాదు, దుస్సాహసం. ఏటా వరద వచ్చే పల్లంలో కట్టిన కార్యాలయానికి ఎంత మరమ్మతు చేసినా నీటి దారి మారదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వచ్చే ప్రతి కార్యాలయంలోకీ చక్రాల కుర్చీ వెళ్లగలగాలి. ఎత్తైన అరుగులు, ఇరుకు మెట్లు ఉన్న పాత కట్టడంలో లిఫ్టుకు చోటు దొరకకపోతే ఆ ఇబ్బందిని చిన్నదిగా చూడకూడదు. భూకంప ప్రమాణాల 2016 నాటి కూర్పు ప్రకారం విజయవాడ, గుంటూరు ప్రాంతాలు భూకంప తీవ్రతలో మూడో మండలంలో, హైదరాబాద్ అంతకంటే ప్రమాదం తక్కువైన రెండో మండలంలో ఉన్నాయి. అందుచేత ఒకే నమూనా పాత భవనానికి రెండు చోట్ల రెండు తీర్పులు రావచ్చు. హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆసుపత్రి విషయంలో వందేళ్ల భవనం కూల్చాలా నిలపాలా అన్న వాదన 2015 నుంచి సాగింది. 2020 జులై వానలకు వార్డుల్లోకి నీరు చేరాక పాత భవనం ఖాళీ చేశారు. చివరకు 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆధునిక శస్త్రచికిత్స గదులను పాత గోడల మధ్య ఇరికించడం కష్టమే కనుక చోటు మార్చడం సబబని నా అభిప్రాయం. కాని ఆ జవాబుకు పదేళ్లు పట్టింది, ఆ పదేళ్లూ రోగులు కారే కప్పు కిందా, కిక్కిరిసిన పక్క భవనాల్లోనూ గడిపారు.

కౌన్సిళ్లు ఈ రెండింటి మధ్య ఒకటి ఎంచుకోవాలన్న నియమం కూడా ఏమీ లేదు. మద్రాసు నగరపాలక సంస్థ కార్యాలయమైన రిప్పన్ భవనాన్ని చూడండి. 1909లో పునాది వేసి 1913లో ప్రారంభించిన ఆ తెల్లని భవనానికి నాడైన ఖర్చు ఏడున్నర లక్షలు; దాని ముందున్న విగ్రహం కార్పొరేషన్‌కు అధ్యక్షుడుగా పనిచేసిన మన తెలుగింటి పిట్టి త్యాగరాయ చెట్టిది. నగరం పెరిగి కార్యాలయాలు చాలకపోయినప్పుడు దాన్ని కూల్చలేదు. వెనుక ఆవరణలో వేరే భవనం కట్టి శాఖలను అందులోకి మార్చారు, కౌన్సిల్‌ను, మేయరును పాతదానిలోనే ఉంచి దాన్ని బాగుచేశారు. ఎక్కువ మంది వచ్చిపోయే విభాగాలకు లిఫ్టులున్న కొత్త భవనం, నెలకోసారి కూర్చునే సభకు పాత హాలు. మా పట్టణంలో కూడా ఇదే సరిపోయేది: ముందు భాగాన్ని సున్నంతో బాగుచేసి, వెనుకదాన్ని తీసేసి అక్కడ కొత్తది కట్టి ఉంటే నా రెండు అంకెలలో దేనికంటేనూ తక్కువలో పని ముగిసేదని, ఆ తరువాత ఖాళీ సమయంలో నేను వేసిన లెక్కలో తేలింది. మూడో అంకె రాయమని నన్నెవరూ అడగలేదు, నేనూ రాస్తానని అనలేదు.

జరిగింది మరొకటి. తీర్మానం ప్రకారం గుత్తేదారుకు స్థలం అప్పగించాలి. వీధి వైపు ఖాళీ చేస్తే పని మొదలవుతుందని ముందు భాగాన్నే మొదట కూల్చారు. నాలుగు రోజుల్లో పడిపోతుందనుకున్న గోడలకు జేసీబీతో రెండు వారాలు పట్టింది. టేకు దూలాలకు అంచనాలో నేను వేసిన విలువ చాలా తక్కువ. వేలంపాటలో పొరుగు జిల్లాల నుంచి వచ్చిన కలప వ్యాపారులు దానికి ఎన్నో రెట్లు పాడారు. ఆ తరువాత నిధుల రెండో విడత ఆగింది, గుత్తేదారు ధరలు పెంచమన్నాడు, పని పిల్లర్ల దగ్గర నిలిచిపోయింది. నాలుగేళ్ల పాటు కార్యాలయం పూర్తిగా వెనుక భవనంలోనే, అంటే పెచ్చులూడినదానిలోనే, స్లాబు కింద సరుగుడు కర్రలు ఆనించి నడిచింది. గట్టిది పోయింది, బలహీనమైనది మిగిలింది.

మొన్న జూన్‌లో అదే పట్టణం నుంచి ఒక యువ ఇంజనీరు ఫోన్ చేశాడు. నా పేరు పాత ఫైల్లో చూశాడట. ఇప్పుడు కొత్త భవనం కూడా కారుతోందనీ, కౌన్సిల్ హాలు పైకప్పు గురించి సభ్యులు అడుగుతున్నారనీ, మరమ్మతుకు, పైన మరో అంతస్తు వేయడానికి అంచనాలు పక్కపక్కన పెట్టి వచ్చే ఎజెండాలోకి ఇమ్మన్నారనీ, పాత నమూనా ఏదైనా ఉంటే పంపమనీ అడిగాడు. నమూనా పంపనన్నాను. పరీక్షలకు రెండు నెలల గడువు రాతపూర్వకంగా అడగమన్నాను, పదేళ్ల ఎం.బుక్కులు తీసి మిద్దె మీద ఏం చేశారో మొదటి పేజీలో రాయమన్నాను, అద్దె ఖర్చు, నిర్వహణ ఖర్చు కలపకుండా ఏ అంకెనూ కౌన్సిల్‌కు ఇవ్వవద్దన్నాను. అన్నిటికంటే ముందు, ఈ వానాకాలం తొలి పెద్ద వాన పడుతున్నప్పుడే గొడుగు వేసుకుని మిద్దె ఎక్కి, నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో నీ కళ్లతో చూడు బాబూ అన్నాను.

“అలాగే సార్,” అని కాసేపు ఆగాడు. “మెట్ల తలుపుకి తాళం ఉంది సార్. చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి.”